ముక్కు మీద పుల్ల

మా హాల్లో దేవుడి పటం ఎన్నాళ్ళుగానో ఒక పక్కకు వాలి ఉంది. మా ఆవిడ చెబితే గాని నా కంటికి ఆనలేదు. చెప్పాక కూడా నా చెయ్యి లేవలేదు. అదే, అరచేతిలో పట్టే మిగ్-21 యుద్ధవిమానం బొమ్మకు ముక్కు మీది పుల్ల అర మిల్లీమీటరు కుడికి జరిగిందా, ఆ పూట నాకు అన్నం సయించదు.

ఆ పుల్ల పేరు పిటో గొట్టం. ఎదురుగాలి ఒత్తిడిని బట్టి విమానం వేగం చెప్పేది అదే. నాసిక్‌లో హెచ్‌ఏఎల్ తయారుచేసిన ఎఫ్‌ఎల్ రకానికి అది ముక్కు పైన నట్టనడుమ ఉంటుంది. తర్వాత వచ్చిన బిస్ రకానికి కుడిపక్కకు జరిగింది. ఎఫ్‌ఎల్‌కు వీపు సన్నం, బిస్‌కు మూపురం. ఎఫ్‌ఎల్ అద్దాల మూత ముందుకు లేస్తుంది, బిస్‌ది పక్కకు తెరుచుకుంటుంది. ఇవన్నీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మా అబ్బాయి ఏ సెక్షన్‌లో చదువుతున్నాడో మాత్రం వాణ్ణే అడగాలి.

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మన వాయుసేన మిగ్-21కు వీడ్కోలు పలికింది. అది టీవీలో చూసి కళ్ళు తుడుచుకుని ఎఫ్‌ఎల్ బొమ్మ కిట్ తెప్పించాను. ఇంట్లో చెప్పడానికి కారణమూ సిద్ధం చేసుకున్నాను: రాకేశ్ శర్మ మన నిజాం కాలేజీలో చదువుకున్నాడు, 1971 యుద్ధంలో ఆయన నడిపింది మిగ్-21నే అని.

"ఆయన అంతరిక్షం దాకా పోయొచ్చిండు. మీరు దిల్‌సుఖ్‌నగర్ దాకా పోయి మిక్సీ జారు బాగు చేయించుకొని రాలేదు" అంది మా ఆవిడ.

నాది 72వ వంతు బొమ్మ. అంగుళానికి ఆరడుగులన్నమాట, ఆరడుగుల పైలట్ అంగుళానికి దిగిపోతాడు. 7.15 మీటర్ల రెక్కలు పది సెంటీమీటర్ల లోపే సర్దుకోవాలి. అసలు చిక్కు రేకుల అతుకుల గీతలతో. కిట్‌లో ఆ గీత 0.2 మిల్లీమీటర్లుంటే నిజం విమానంలో అది 14 మిల్లీమీటర్లు, నా చిటికెనవేలు దూరేటంత. అలాంటి సందుతో ధ్వనివేగం దాటుతారా! గీతలన్నీ పుట్టీతో పూడ్చి, సూదితో మళ్ళీ గీశాను. మా బాత్రూం తలుపు కింద బల్లి దర్జాగా వచ్చిపోయేంత సందుంది. దాని స్కేలు వేరు.

పొట్ట కింద తగిలించే జీపీ-9 తుపాకీ కిట్‌లో రాలేదు. మా అబ్బాయి పెన్ను రీఫిల్ కోసి చేశాను. పిటో గొట్టమేమో వంటింటి గట్టు మీద ఆరబెడితే మా ఆవిడ చాటలో బియ్యంతో పాటు చెరిగి పారేసింది. మామగారి ఇన్సులిన్ సూదుల్లో ఒకటి దాని చోటుకు వచ్చింది. ఆయన సూదులు లెక్కపెట్టుకుంటారని నాకేం తెలుసు?

ఇక రంగు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ మా బాటసింగారానికి తరలివచ్చాక మామిడి కాలంలో విజయవాడ హైవే మీద లారీలకు తెరిపి ఉండదు. తడి రెక్క మీద ఒక్క దుమ్ము రేణువు వాలితే ఆ స్కేలులో అది బండరాయి. అందుకని కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, ఇంటిల్లిపాదినీ చెమటలు పట్టించి పచ్చరంగు కలిపాను. ఒకటి నల్లబడింది, ఒకటి పసుపెక్కింది. మా ఆవిడ తొంగిచూసి, "గోంగూర తీరుగ ఉంది, సరిపోతది" అంది. నాకు ఒళ్ళు మండింది.

తీరా చదివితే తేలిందేమిటి? వెండిరంగులో మెరిసే ఎఫ్‌ఎల్‌లకు 1971లో యుద్ధం ముంచుకొచ్చేసరికి హడావిడిగా పచ్చరంగులు పూశారు. ఒక స్క్వాడ్రన్ తీరు మరో స్క్వాడ్రన్‌కు లేదు. డిసెంబర్ 14న ఢాకా గవర్నర్ భవనం మీద రాకెట్లు వేసి వచ్చిన మిగ్‌లను ఏ పచ్చ వేసుకున్నావని ఎవరూ నిలదీయలేదు. గోంగూర పచ్చే వేశాను. ఆ సంగతి మా ఆవిడకు చెప్పలేదు.

అప్పట్లో ఎఫ్‌ఎల్‌ల దగ్గర పనిచేసిన వాయుసేన పెద్దలెవరైనా ఇది చదువుతుంటే, రెక్కల అడుగున ఏ రంగు పూశారో దయచేసి ఒక్క ముక్క రాయండి. ఉత్తరం మాత్రం నా పేరు మీదే పంపండి.