టాకాల సూది

నేను బొంత సూదిని. దబ్బనమంత లావు కాదు, అది గోనెసంచుల మూతులు కుట్టేది. జాకెట్ల సూదికంటే పొడుగు, కన్ను పెద్దది. ఆళ్లగడ్డ అంగట్లో కొన్ననాడు నిటారుగా ఉన్నాను. ఇప్పుడున్న వంపు అవ్వ వేళ్ల ఒత్తిడికి వచ్చింది.

బొంతను చూసినవాళ్లు వరసగా పడిన సన్నకుట్టును మెచ్చుకుంటారు. దానికి ముందు నేను చేసే పని వాళ్లకు కనపడదు. పాత చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, అవి జరగకుండా పెద్ద పెద్ద టాకాలు వేయాలి. కుట్టు పూర్తయ్యాక ఆ దారాన్ని లాగేస్తారు. అయినా బొంత పక్కమీద సాపుగా పరుచుకుంటుందా, మొదటి ఉతుకుకే లోపలి చీర ముద్దకడుతుందా అన్నది ఆ టాకాల దగ్గరే తేలిపోతుంది. టాకా నేరుగా పడాలంటే వేసే మనిషికి నడుం నొప్పి ఉండకూడదు. నొప్పి పుట్టిన చేయి తొందరపడుతుంది, దారాన్ని బిగలాగుతుంది, పొర ముడుచుకుంటుంది. చేతి వేళ్లలో ఆ తొందర మొదలవగానే నాకు తెలిసిపోతుంది.

అవ్వది మట్టి మిద్దె. పడసాలలో బేతంచెర్ల నాపబండలు. ఎండాకాలం కూడా చల్లగా ఉండే ఆ నేల మీదే నా పని మొదలైంది. అడుగు చీరను తిరగేసి పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టేది. దానిమీద గంజి పోయేదాకా ఉతికిన మెత్తటి చీరలు, అన్నిటికంటే పైన కాస్త రంగున్నది. ఎప్పుడూ నడిమి నుంచే మొదలు. ముందు నిలువుగా ఒక వరస, తర్వాత అడ్డంగా ఒకటి, ఆ పైన నడిమి నుంచి అంచుల వైపు. అంచు నుంచి లోపలికి వస్తే వదులంతా మధ్యలో చిక్కుకుపోతుంది. దారం చివర ముడి వేసేది కాదు, రెండంగుళాల తోక వదిలేది, తర్వాత లాగడానికి వీలుగా. దారం తెల్లదే. ఎర్రదారం తడిస్తే రంగు దిగుతుందని భయం.

ఉత్త చీరలైతే టాకాల మధ్య జానెడు చాలు. నడుమ దూది పరిస్తే బెత్తెడుకొకటి పడాలి. ఇది నల్లరేగడి సీమ. నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం 1906లో మొదలైంది, నరసింహ పత్తి అక్కడి నుంచి వచ్చిందే. ఆ పత్తిని దూదేకులవాళ్లు ఏకి ఇస్తే పొగలా తేలిపోయేది. అంత మెత్తటి దూది చీరల మధ్య జారకుండా నిలబడాలంటే నేను ఎన్నో మాట్లు దిగి లేవాలి.

నాపబండ చల్లదనం అవ్వకు హాయి, నాకు మాత్రం కష్టం. దిగిన ప్రతిసారీ మొన రాతికి గీసుకుని మొద్దుబారేది. పక్కింటి వదిన ఒక ఉపాయం చెప్పింది. ఎడమచేత్తో చెంచా పట్టుకుని, నా మొన పైకి వచ్చేచోట దాని అంచు ఆనించడం. మొన చెంచా మీదికి ఎక్కి దానంతటదే లేస్తుంది, వేలికి పోటు తగలదు. నా మొన బతికింది. అవ్వ మోకాళ్లు బతకలేదు. బొంత మీద మోకరిల్లి ముందుకు పాకుతుంటే మోకాలి కింద పై పొర జరిగేది. సరిచేయడానికి మళ్లీ వెనక్కి పాకాలి.

మిద్దె మీదికి వెళ్లి చూశారు. పొద్దున్నే వెలుతురు బాగుండేది, బొంత మొత్తం ఒకేసారి పరుచుకునేది. కానీ మా పక్క ఎండలు 44 డిగ్రీలు దాటుతాయి. ఎనిమిది గంటలకే మిద్దె కాలుతుంది. ఆషాఢం గాలి మొదలైతే చీర కొంగు ఒక్కటీ నిలవదు.

దారి చూపింది వీధి చివరి శిల్పుల పాక. ఆళ్లగడ్డలో ఉలి చప్పుడు వినపడని పగలు తక్కువ. అక్కడ ఒకాయన చిన్న విగ్రహాన్ని దిమ్మె మీదికెత్తి, తన మోచేతి ఎత్తుకు తెచ్చుకుని చెక్కుతుంటే అవ్వ నిలబడి చూసింది.

“కింద పెట్టుకుని చెక్కరాదా నాయనా?”

“రాయి మన దగ్గరికి రావాలవ్వా. మనం దాని దగ్గరికి వంగితే నడుం పోతాది.”

ఆ సాయంత్రమే పాత ఇంటి తలుపురెక్క కిందికి దిగింది. పనికిరాని రాతిదిమ్మెలు రెండు పక్కలా పెట్టి, వాటిమీద రెక్కను బల్లలా పరిచారు. అవ్వ నిలబడి టాకా వేసింది. చెక్క నా మొనను తినలేదు. రెక్క వెడల్పు రెండు మూరలే. బొంత అంచులు కిందికి వేలాడి, వాటి బరువుకు పొరలు జారబోయాయి. రెండు పక్కలా పీటలు ఎత్తుగా పేర్చి అంచులను వాటిమీద ఉంచితే నిలిచాయి. కనుమ నుంచి అహోబిలం స్వామి పారువేటకు బయలుదేరి ఊళ్లు తిరుగుతాడు. ఆ రోజుల్లో చుట్టాలొస్తే పక్కల కొరత. ఆ ఏడు పండక్కి బొంతలు ముందే సిద్ధమయ్యాయి.

అవ్వ తర్వాత నేను కూతురితో నంద్యాల వచ్చాను, నలభై కిలోమీటర్ల దారి. అద్దె ఇల్లు, మిద్దె లేదు, పడసాల లేదు. ఉన్నది అన్నం తినే బల్ల ఒక్కటే. దాని కాళ్ల కింద ఇటుకలు పెట్టి మోచేతి ఎత్తుకు లేపింది. కొన్నాళ్లు నన్ను పక్కన పెట్టి పిన్నీసులు గుచ్చింది. మెషిన్‌కు అది బాగుంటుంది, సూది దగ్గరికి వచ్చేసరికి పిన్నీసు తీసేయొచ్చు. చేతికుట్టుకు మాత్రం దారం ప్రతి పిన్నీసుకూ తగులుకుని చిక్కుపడుతుంది. మళ్లీ నన్ను తీసింది.

బల్ల చిన్నది కాబట్టి ఇప్పుడు రెండు వెదురు కర్రలు వాడుతుంది. పై చీర ఒకదానికి, అడుగు చీర ఇంకోదానికి చుట్టి, లోపలి పొరలు మధ్యలోకి అందిస్తూ, జానెడు జానెడు విప్పుకుంటూ టాకా వేస్తుంది. అమెరికాలో బొంతలు కుట్టేవాళ్లు కొందరు పొడుగు చెక్కలతో ఇదే పని చేస్తారు. కర్ణాటకలో యల్లాపుర, హళియాళ పక్క సిద్దీ ఆడవాళ్ల దారి వేరు. అంచు నుంచి మొదలుపెట్టి, ముక్క పక్కన ముక్క పెట్టి కుట్టుకుంటూ, చుట్టూ తిరిగి నడిమికి చేరతారు. అవ్వ నడిమి నుంచి బయటికి పోయేది, వాళ్లు బయటి నుంచి నడిమికి వస్తారు. వాళ్లకు విడిగా టాకాలు అక్కరలేదు, ఎందుకంటే కుట్టే ముక్క ఎప్పుడూ చేతికిందే ఉంటుంది. ఆ నేర్పు నాకు గొప్పగా అనిపిస్తుంది.

వచ్చే వారం డబుల్‌కాట్ బొంత మొదలవుతుంది. మనవడికి. రెండు చీరల వెడల్పు, మధ్యలో దూది. ఈ బల్ల చాలదు.

“అక్కా, మీ బల్ల ఒక నాలుగు రోజులు ఇస్తావా? మా దానికి ఆనించుకుంటా,” అని ఎదురింటావిడను అడిగింది.

“తీసుకో మే. నేనూ వచ్చి ఒక పక్క వేస్తా. ఇంకో సూదుందా?”

ఉంది. కొత్తది, ఇంకా నిటారుగా ఉంది.