ఇరవై మూడు దాటితే

అరచేతిలో ఇమిడే వస్తువుని నేను. పైన పిడి, కింద పెట్టెకు తగిలించే పట్టీ, మధ్యలో అంకెలు కనపడే చిన్న తెర. లగేజీ తూకం మిషన్ అంటారు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలోని ఒక అపార్ట్‌మెంటు మాది. నన్ను కొన్నది రెండో అంతస్తు వాళ్లే గానీ, నేను ఎప్పుడు ఎవరింట్లో ఉంటానో వాళ్లకే తెలియదు. విదేశీ ప్రయాణం పెట్టుకున్న ఇంటికల్లా వెళ్తాను.

నా కడుపులో స్ప్రింగు లేదు. పాత పేపర్లు కొనేవాళ్ల కాటాలో స్ప్రింగు సాగితే ముల్లు దిగుతుంది. నాలో ఉన్నది చిన్న లోహపు కడ్డీ. బరువు వేలాడగానే అది కంటికి ఆననంత వంగుతుంది. దానికి అంటించి ఉన్న సన్నటి తీగలు దాంతోపాటే సాగుతాయి. సాగిన తీగ కరెంటుకి మరికాస్త అడ్డుపడుతుంది. ఆ రవ్వంత తేడాను లెక్కగట్టి కిలోలుగా చూపిస్తాను. 50 కిలోల దాకా తూచగలను. నన్ను వాడేవాళ్లు చేయాల్సిందల్లా ముందు ఏమీ తగిలించకుండా బటన్ నొక్కి సున్నా చూసుకోవడం, తర్వాత పెట్టెను జానెడెత్తు లేపి ఊగకుండా పట్టుకోవడం. అంకెలు కాసేపు తడబడి నిలుస్తాయి. చేతులు నొప్పెట్టి పెట్టెను మోకాలికి ఆనించారంటే ఆ బరువులో కొంత మోకాలు మోస్తుంది, ఆ మేరకు నేను తక్కువ చెబుతాను. ఇళ్లలో లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే.

దసరాకి, సంక్రాంతికి సింగపూర్, బ్యాంకాక్, దుబాయ్ వెళ్లేవాళ్లకి నాతో పెద్ద పనుండదు. నాలుగు జతల బట్టలు, చెప్పులు, కొన్ని చిరుతిళ్లు. వాళ్ల పెట్టెలు వెళ్లేటప్పుడు తేలిక, వచ్చేటప్పుడే బరువు. అయితే పెట్టె పక్కన కూర్చుని చూస్తుంటాను కాబట్టి ఒక మాట చెప్పాలి. దుబాయ్ వెళ్లే ఇల్లాలు మసాలా పొడి కట్టుకునే ముందు అందులో గసగసాలు ఉన్నాయేమో చూసుకోవాలి. మన వంటింట్లో డబ్బాలో ఉండే ఆ గింజలు అక్కడ మత్తుపదార్థాల చట్టం కిందికి వస్తాయి. సింగపూర్‌లోకి 1992 నుంచి చూయింగ్ గమ్ రానివ్వరు. ఇలాంటివి బరువుతో తేలే లెక్కలు కావు, కానీ సర్దేటప్పుడే తేల్చుకోవాలి.

నన్ను ఎక్కువ రోజులు ఉంచుకున్నది మూడో అంతస్తు మాస్టారి ఇల్లు. గోదావరి జిల్లాలో పనిచేసి రిటైరై వచ్చారు. కూతురు డల్లాస్‌లో ఉంటుంది. పిల్లలకి వేసవి సెలవులిచ్చాక అందరూ కలిసి నయాగరా, వాషింగ్టన్ చూడాలని అనుకున్నారు. మనిషికి రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు, పైన చేతిసంచి ఒకటి. దోహాలో విమానం మారాలి.

ఆ ఇంట్లో సర్దడం ఆవకాయతో మొదలైంది. మూడో రోజు తిరగకలిపి, ఊరాక తెలిసిన పచ్చళ్ల కొట్టుకి పట్టుకెళ్లి సీలు వేయించారు అమ్మగారు. "ఫారినా అమ్మా?" అని ఒక్కమాట అడిగి, కొట్టువాళ్లు కవరు మీద కవరు వేసి, అంచులు కాల్చి అతికించి ఇచ్చారట. ఇంటికొచ్చాక అమ్మగారు ఒక్కో ప్యాకెట్‌ని తలకిందులుగా పట్టుకుని, అంచు వెంట వేలు నడిపి, నూనె తగలలేదని చూసుకున్నాకే పాత పంచె ముక్కలో చుట్టారు. ఆవకాయ చోటు తినదు, బరువు తింటుంది. పూతరేకులు అలా కాదు. డబ్బా చూస్తే ఇంత, తూస్తే ఏమీ లేదు, కానీ మీద చెయ్యి పడితే పొడి. వాటిని చేతిసంచిలో పెట్టించింది కూతురే.

మొదటి పెట్టె జిప్పు వేసి నన్ను తగిలించారు.

"ఎంతండీ?"

"ఇరవయ్యారు దాటింది."

"మిషన్ సరిగ్గానే ఉందంటారా?"

"పది కిలోల బియ్యం సంచీ తూచి చూశాం కదే. సరిగ్గానే చెప్పింది."

ఖాళీ పెట్టే నాలుగున్నర కిలోలుంది. అంటే పెట్టడం మొదలుపెట్టక ముందే ఐదో వంతు అయిపోయింది. ఇది చాలామందికి తట్టదు. పెట్టె కొనేటప్పుడు గట్టిదనం చూస్తారు, రంగు చూస్తారు, బరువు అడగరు.

పెట్టె మళ్లీ తెరిచారు. నేను మంచం అంచున ఉన్నాను, లోపలి నుంచి ఏది బయటికొస్తుందో అంతా కనిపించింది. ముందు అమ్మగారి స్వెటర్ వచ్చింది. తర్వాత ఆవిడ కొత్త నేత చీరలు రెండు. తర్వాత నడకకని మాస్టారు పట్టుబట్టి కొనిచ్చిన బూట్లు. కందిపప్పు కదల్లేదు, బియ్యప్పిండి కదల్లేదు, చింతపండు కదల్లేదు. నేను వెళ్లిన ఇళ్లన్నిట్లోనూ ఇదే వరస. తల్లులు తమవే ముందు తీస్తారు. బరువు తగ్గితే సంతోషించాల్సిన దాన్ని, నాకు మాత్రం ఆ అంకె తగ్గుతుంటే బాధేస్తుంది.

మాస్టారు బయట పడున్న చీరలు చూశారు. "నీ బట్టలన్నీ ఇక్కడే ఉన్నాయి. అక్కడ ఏం కట్టుకుంటావు?"

"వాళ్లింట్లో వాషింగ్ మెషీన్ ఉందిగా. రెండు చాలు."

ఆయన వాదించలేదు. కూతురికి వీడియో కాల్ కలిపి ఫోన్‌ని పెట్టె వైపు తిప్పారు. అటునుంచి అమ్మాయి అంది: "అమ్మా, పప్పులు, పిండ్లు ఇక్కడ మనవాళ్ల కొట్లో అన్నీ దొరుకుతాయి. అవి తీసెయ్యి. నా కళ్లజోళ్లు, పాప పట్టులంగా, నాన్న మందులు, నీ స్వెటర్. ఇవి లేకుండా మాత్రం బయల్దేరకు." కళ్లజోడు అక్కడ చేయించుకోవాలంటే బోలెడు డబ్బు. పాప కొలతలకి ఇక్కడి టైలర్ కుట్టిన లంగా ఏ కొట్లోనూ దొరకదు. నాకు నోరుంటే అమ్మాయి మాటే చెప్పేదాన్ని.

పక్కింటి చెట్టు నుంచి కోసుకొచ్చిన కరివేపాకు దగ్గర మాత్రం అమ్మగారు ఒక పట్టాన ఒప్పుకోలేదు. ఆకేగా, బరువేముందని. అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. నారింజ, నిమ్మ తోటల్ని ఎండబెట్టే తెగులును మోసే చిన్న పురుగు కరివేపాకు మీదా బతుకుతుంది. అందుకే అమెరికా పచ్చి ఆకును రానివ్వదు. ఎవరో రైతు తోట పోతుందనగానే అమ్మగారు ఇంక మాట్లాడలేదు. ఆ సాయంత్రమే ఆకు వేయించి, పొడి కొట్టి, ప్యాకెట్ మీద పేరు రాసి పెట్టారు. తినేవి ఏం తెచ్చామో అక్కడ కస్టమ్స్ వాళ్లకి దాచకుండా చెప్పాలని మాస్టారు ఒక కాగితం మీద అన్నీ రాసుకున్నారు.

ఐదు నెలలకి సరిపడా బీపీ, షుగర్ మాత్రలు డాక్టర్ చీటీతో సహా చేతిసంచిలోకి వెళ్లాయి. ఇన్సులిన్ కూడా అక్కడికే. కింద సామాన్ల అరలో చలికి గడ్డకడితే అది పనికిరాదు. ఫోన్ పవర్ బ్యాంకు కూడా చేతిసంచిలోనే. దానికి నిప్పంటుకుంటే పైన మనుషులు చూసి ఆర్పగలరు, కింద చూసేవాళ్లుండరు.

రెండో రోజు నాలుగు పెట్టెలూ తూస్తే ఒకటి ఇరవై నాలుగు, ఇంకోటి ఇరవై ఒకటి. "కలిపితే సరిపోతుంది కదండీ" అన్నారు అమ్మగారు. కొన్ని దేశాలకి మొత్తం బరువు చూస్తారు గానీ, అమెరికా ప్రయాణంలో ఏ పెట్టె లెక్క ఆ పెట్టెదే. డబ్బు కట్టి బరువు పెంచుకోవచ్చేమో గానీ, 32 కిలోలు దాటిన పెట్టెను డబ్బిచ్చినా తీసుకోరు. అది పిసినారితనం కాదు. ఆ పెట్టెను ఎక్కడో ఒకచోట ఒక మనిషి చేతుల్తో ఎత్తాలి. చిన్న విమానాల కింది అరలో నిటారుగా నిలబడే ఎత్తు కూడా ఉండదు. లోడర్లు మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో పెట్టెను లోపలికి తోస్తారు. రోజంతా అదే పని. పిడి పట్టుకుని ఒక్క నిమిషం ఎత్తినందుకే మాస్టారి చేతులు వణికాయి. ఆ వణుకు నాకు తెలుసు, అంకెలు తడబడేది దానివల్లే. అందుకే నా తెర మీద 23 దాటిన ప్రతిసారీ నాకు ఆ లోడర్ వెన్నెముకే గుర్తొస్తుంది.

చివరికి ఒక్కోటి ఇరవై రెండున్నర దగ్గర ఆగాయి. కౌంటర్ దగ్గరి తూకానికీ నాకూ కాస్త తేడా రావచ్చు కాబట్టి అర కిలో వదలడం మంచి పద్ధతి. స్వెటర్ పెట్టెలోకి వెళ్లింది, చీరలు వెళ్లాయి, బూట్లు అమ్మగారి కాళ్లకెక్కాయి. రెండో అంతస్తు వాళ్లని అడిగి మాస్టారు నన్నూ వెంట తీసుకున్నారు.

శంషాబాద్‌లో మా నాలుగు పెట్టెలూ బెల్టు మీద ఒకదాని వెంట ఒకటి వెళ్లిపోయాయి. పక్క వరసలో కొత్త జంట ఒకటి నేల మీద పెట్టె తెరిచి కూర్చుంది. బట్టలు, లోపలి బట్టలు కూడా అందరి ముందూ పరుచుకుని ఉన్నాయి. ఆ అమ్మాయి తలెత్తడం లేదు. నేను పుట్టిందే ఎవరికీ ఆ పరిస్థితి రాకూడదని. మాస్టారు వెళ్లి నన్ను అబ్బాయి చేతికిచ్చారు.

"ముందు దీంతో తూచుకో బాబూ. తొందరేం లేదు, మాకింకా టైముంది."

రెండు జతల బూట్లు, ఒక హెయిర్ డ్రయర్ చేతిసంచిలోకి మారాయి. వాళ్లకి 20 కిలోలే. పంతొమ్మిదీ ముప్పావు చూపించాను. అమ్మాయి జిప్పు లాగి, నన్ను రెండు చేతులతో తిరిగి ఇచ్చింది. అమ్మగారు నన్ను మందుల పక్కన పెట్టుకున్నారు. వచ్చేటప్పుడూ 23 కిలోలే కదా.