అర అంగుళం బాబాయి

ప్లంబరుని పిలుద్దాం అని ఎవరైనా నోరు జారితే మా బాబాయి వాళ్ళకేసి జాలిగా చూస్తారు. పెళ్ళిచూపుల్లో విడాకుల లాయరు ఫోన్ నంబరు అడిగినవాణ్ణి చూసినట్టు. ఆ తర్వాత ఒకటే మాట: ‘ఐదు రూపాయల వాషరుకి ఐదొందల ప్లంబరా?’ మా ఇంటి పిల్లలకి రెండో ఎక్కం కంటే ముందు నోటికొచ్చింది ఇదే.

ఇలాంటి మనిషి వీధికొకరుంటారు. గుర్తుపట్టడం తేలిక. ఉద్యోగం అయిపోయి ఉంటుంది, ఇల్లు పాతబడి ఉంటుంది, మంచం కింద ఒక బిస్కట్ల డబ్బా ఉంటుంది. అందులో బిస్కట్లు తప్ప అన్నీ ఉంటాయి. తల లేని కుళాయిలు, కుళాయి లేని తలలు, ఎండిపోయిన వాషర్లు, ఏ పైపుకీ పట్టని చెక్‌నట్లు. ‘ఎప్పటికైనా పనికొస్తాయిరా’ అంటారు. ఆ ఎప్పటికైనా ఇంకా రాలేదు.

బాబాయిది ఆడిట్ ఉద్యోగం. ముప్పై నాలుగేళ్ళు ఊళ్ళోవాళ్ళ లెక్కల్లో లీకేజీలు పట్టారు. రిటైరయ్యాక ఆయన చేతికి చిక్కడానికి బాత్రూం కుళాయి ఒక్కటే మిగిలింది. సెకనుకో చుక్క కారుతోందని గడియారం పెట్టి తేల్చి, రోజుకి 86,400 చుక్కలని కాగితం మీద వేసి, పిన్ని చేత చూసినట్టు సంతకం కూడా పెట్టించారు.

ఇల్లు తాతయ్య కట్టించింది. 1956లో రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకి మారినప్పుడు ఆయన కూడా ఫైళ్ళ వెంట వచ్చేశారు. కొన్నాళ్ళకి నల్లకుంటలో జాగా కొన్నారు. అందుకే మా ఇంట్లో ఉన్నంతసేపూ అది కుళాయి, గేటు దాటితే నల్లా. గోడల్లో పరుచుకున్నవన్నీ ఆ కాలపు జి.ఐ. పైపులు. మరలకి జనపనార చుట్టి, సఫేదా పూసి బిగించినవి. పైన జింకు పూత ఉన్నన్నాళ్ళూ అవి పైపులే. పూత పోయాక మిగిలేది పైపు ఆకారంలో ఉన్న తుప్పు. జాయింట్లని పట్టి ఉంచేది కూడా మరలు కాదు, ఆ తుప్పే. కాబట్టి పాత ఇంట్లో కారేదాని కింద బకెట్టు పెట్టి ఊరుకోవడం ఉత్తమమని నా అభిప్రాయం. నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. టార్చిలైటు పట్టుకోవడానికి మాత్రం పిలిచారు.

టార్చి పట్టుకోవడం ఎంత చాకిరీయో చేసినవాళ్ళకే తెలుస్తుంది. ‘ఇటు పట్టరా.’ పడతాం. ‘నా చేతి మీద కాదు, పైపు మీద.’ పైపు ముందు ఆయన చెయ్యే ఉంటుంది. ‘కాస్త కిందికి.’ కింద ఆయన తల. పని ఎక్కడ చెడినా, రాత్రి భోజనాల దగ్గర కారణం ఒకటే తేలుతుంది: ‘వీడు లైటు సరిగ్గా పట్టలేదే.’

సామాను కొనడం ఇంకో ఘట్టం. అసలు అర అంగుళం అనే మాటే ఆడిట్ మనిషి భరించగలిగింది కాదు. అర అంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు. అర అంగుళం జి.ఐ. పైపు మీద స్కేలు పెడితే బయటి కొలత 21 దాటుతుంది. అర అంగుళమనే అమ్మే సీపీవీసీ పైపుకి 16 కూడా రాదు. బాబాయి గల్లీ చివరి హార్డ్‌వేర్ షాపులో జేబులోంచి స్కేలు తీశారు.

‘ఇది అర అంగుళం అంటావా?’

‘హాఫ్ ఇంచే సార్.’

‘ముప్పావు దాటిందయ్యా!’

‘లోపలి కొలత సార్.’

లోపలా కొలిచారు. అదీ అర కాదు. కొట్టతను రెండు నిమిషాలు ఓపిక పట్టి, ‘సార్, అది కొలత గాదు, పేరు’ అన్నాడు. బాబాయి నోరు మూయించిన ఆడిట్ జవాబు నాకు తెలిసి ఇదొక్కటే.

అంతటితో అయిందా? ‘మేల్ కావాల్నా, ఫీమేలా?’ అని అడిగాడు. మర బయటికుంటే మేల్, లోపలికుంటే ఫీమేల్. ఆ సంగతి బాబాయికి తెలుసు. గోడలో ఉన్నదేదో మాత్రం గుర్తులేదు. అక్కణ్ణించే పిన్నికి ఫోను చేసి, ‘మన బాత్రూం గోడలో ఉన్నది ఆడదో మగదో చూసి చెప్పు’ అన్నారు. పిన్ని కాసేపు మాట్లాడలేదు. ‘ఏమండీ, ఎండలో తిరగొద్దన్నానా?’ అంది.

ఆ ఒక్క రోజే షాపుకి ఆరుసార్లు వెళ్ళొచ్చాం. ఆరోసారికి కొట్టతను మాకు కూడా చాయ్ చెప్పాడు.

ఇక పని. ముందు నీళ్ళు కట్టెయ్యాలి. డాబా మీద ట్యాంకు దగ్గర గేట్ వాల్వు ఉంది. చక్రం తిప్పితే తిరిగింది, తిరిగింది, తిరుగుతూనే ఉంది. లోపల రేకు ఏనాడో ఊడిపోయినట్టుంది, చక్రం మాత్రం పాత గుమాస్తాలా తన డ్యూటీ తను చేసుకుపోతోంది. బాబాయి తొణకలేదు. పాత బనీను సగానికి చింపి, చొక్కా చెయ్యి మడిచి, భుజం దాకా ట్యాంకులోకి దించి, పైపు మొదట్లో కుక్కారు. ‘చూశావా? సున్నా ఖర్చు.’

కిందికొచ్చి, ముందే కొత్త కుళాయికి టేపు చుట్టి పెట్టుకున్నారు. ఈ తెల్ల టేపుని మర బిగిసే వైపుకే చుట్టాలి. బాబాయిది ఎడమచేతి వాటం. ఆయన చుడితే అది తిరగబడే వస్తుంది. బిగిస్తున్నకొద్దీ టేపు మరల్లో కూర్చోకుండా వెనక్కి లేచి, పోగులు పోగులుగా బయటికి వేలాడుతుంది. వంటింట్లో కుళాయికి అలాంటి గడ్డం ఇప్పటికీ ఉంది. ‘తక్కువ చుట్టలేదని సాక్ష్యంరా అది’ అంటారు.

పాత కుళాయి మొండికేసింది. కిరోసిన్ పోశాం, పావుగంట ఆగాం, సుత్తితో చుట్టూ కొట్టాం. చివరికి పైపురెంచీ పిడికి రెండడుగుల పైపుముక్క తొడిగి, దాని మీద బాబాయి తన బరువంతా వేసి వేలాడారు. కిర్రుమంది.

‘కదిలిందిరా!’

కదిలిన మాట నిజమే. కుళాయి కాదు. గోడలో దాన్ని పట్టుకున్న నిప్పిలు మరల దగ్గర పుటుక్కున విరిగి, కుళాయి సగంతో సహా ఆయన చేతిలోకి వచ్చేసింది. మిగతా సగం గోడలోనే ఉంది. చుక్క నీరు రాలేదు. బాబాయి ఆ కంత ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, ‘లైటు పట్టరా’ అంటూ లోపలికి తొంగిచూశారు.

సరిగ్గా అప్పుడే పైన బనీను తన పట్టు వదిలింది.

ఎర్రగా వచ్చింది నీరు. అరవయ్యేళ్ళ తుప్పు, ఇటుకరాతి రంగు, నేరుగా కళ్ళజోడు మీదికి. బాబాయి బొటనవేలితో కంత మూశారు. వేలు పక్కనుంచి అది నా మీదికి తిరిగింది. పిన్ని చీపురుతో వచ్చేసరికి ఇద్దరం పేరంటంలో ఒళ్ళంతా పసుపు కుంకుమలు పూయించుకున్నవాళ్ళలా ఉన్నాం. తర్వాత ఉన్నట్టుండి ధార సన్నబడింది, ఆగిపోయింది. ‘ప్రెషర్ దిగింది’ అన్నారు బాబాయి. వంటింట్లో కుళాయి తిప్పితే అక్కడా రాలేదు. పెరట్లోనూ రాలేదు. ఇంటిల్లిపాదికీ నీళ్ళు బందు. గోడ కంతలో గుడ్డ చుట్టిన కర్రముక్క దిగగొట్టి, మూడు రోజులు సంపులోంచి బకెట్లతో తోడుకున్నాం. ఎంత అడిగినా బాబాయి బనీను ప్రసక్తి తేలేదు. మున్సిపాలిటీ నీళ్ళలో ఏదో లోపముందని మాత్రం రెండుసార్లు అన్నారు.

నాలుగో రోజు పొద్దున బాబాయి గుడికి వెళ్ళిన సమయం చూసి పిన్ని ప్లంబరుకి కబురుపెట్టింది. పాతికేళ్ళ కుర్రాడు. పైనా కిందా ఒక చుట్టు చూసి, డాబా దగ్గర మొదటి మలుపులో యూనియన్ విప్పాడు. విప్పి, రెండు వేళ్ళతో పట్టి లాగాడు. ముందు ఒక నాడా వచ్చింది, ఆ వెనక మెల్లగా మిగతాది వచ్చింది. ఎండలో పైకెత్తి చూశాడు. బాబాయి అప్పుడే ప్రసాదం దొన్నెతో మెట్లెక్కి వచ్చారు.

‘సార్, ఇంతకుముందు ఈ పని ఎవరు చేసిండ్రు?’

బాబాయి ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. ‘ఎవడో ప్లంబరయ్యా.’

‘వానికి పనే రాదు సార్. టేప్ ఉల్టా చుట్టిండు. నిప్పిల్ ఇరగ్గొట్టిండు. పైపుల ఎవరన్న బనీను పెడ్తరా?’

‘అదే నేనూ అంటున్నాను’ అన్నారు బాబాయి, ప్రసాదం అతని చేతిలో పెడుతూ. ‘ఈ రోజుల్లో ఎవర్నీ నమ్మడానికి లేదు.’

కుర్రాడికి పాపం నిజంగానే కోపమొచ్చింది. ‘మంచోళ్ళు దొరికిండ్రని మస్తు మోసం చేసిండు సార్. ఎంత తీస్కున్నడు?’

కింద వంటింట్లోంచి పిన్ని గొంతు వినిపించింది.

‘డబ్బులేం తీసుకోడు నాయనా. మూడు పూటలా భోజనం, రెండుసార్లు కాఫీ.’