రెండో డిస్కు ఎవరి దగ్గరుంది?

మాయాబజార్ వీసీడీ సెట్టు మా ఇంట్లో ఉంది. మూడు డిస్కులు. అంటే ఒకటోదీ మూడోదీ ఉన్నాయి, రెండోది కోడూరు మండలంలోనే ఎక్కడో క్షేమంగా ఉంది. తీసుకెళ్లినాయన "రేపు పొద్దున్నే తెచ్చిచ్చేస్తా మాస్టారూ" అన్నాడు. ఆ పొద్దు ఇంకా పొడవలేదు. దాంతో మా ఇంట్లో మాయాబజార్ కథ కాస్త వేరుగా నడుస్తుంది. శశిరేఖా అభిమన్యులు ప్రేమించుకుంటారు, డిస్కు మారుస్తాం, సావిత్రి ఉన్నట్టుండి మగరాయుడిలా అంగలేస్తూ, భుజాలెగరేస్తూ, గుడ్లురుముతూ వచ్చేస్తుంది. మధ్యలో ఘటోత్కచుడు ఆ పిల్ల వేషం కట్టాడని తెలియనివాళ్లు, పాపం పెళ్లి దిగులుతో మతి చలించిందనుకుంటారు. మా మనవరాలు అలాగే అనుకుని, "తాతయ్యా, ఆ అక్కని డాక్టరుకి చూపించరా?" అని అడిగింది.

ఒక్క సినిమాకి మూడు డిస్కులేమిటని ఈ కాలం పిల్లలకు అనుమానం. వీసీడీ 1993లో పుట్టింది. పాటల కోసం చేసిన మామూలు సీడీ మీదే బొమ్మనీ ఎక్కించేశారు. దాంట్లో పట్టేది 74 నిమిషాలు. ఇంగ్లీషు సినిమా అయితే రెండింట్లో బుద్ధిగా సర్దుకుంటుంది. మనవాళ్ల సంగతి తెలిసిందే కదా. మాయాబజార్ మూడు గంటలు దాటుతుంది, లవకుశ అంతకంటే పొడుగు, ఇక దానవీరశూరకర్ణ చూడాలంటే సెలవు పెట్టాలి. తర్వాత డీవీడీ వచ్చి సినిమా అంతా ఒకే డిస్కులో ఇమిడింది. అరువు పట్టుకెళ్లేవాళ్లకు అదే మేలైంది. అంతకు ముందు విడతలుగా పోయే సినిమా ఇప్పుడు ఒకేసారి పోయేది.

డిస్కుల కంటే ముందు డెక్కు రోజులు. డెక్కు ఉండేదంటే మాకుండేదని కాదు, అద్దెకు దొరికేది. ఎవరింట్లోనన్నా పెళ్లో, ఓణీల ఫంక్షనో అయితే అవనిగడ్డ నుంచో బందరు నుంచో కలర్ టీవీ, వీసీపీ, సంచీడు క్యాసెట్లు, వాటిని తిప్పే కుర్రాడు అంతా కలిసి దిగేవారు. టీవీ అరుగు మీద, ఊరు వీధిలో. రాత్రికి మూడు సినిమాలని ఒప్పందం. మొదటిది పెద్దవాళ్ల కోసం పౌరాణికం. రెండోది ఎన్టీవోడిదో నాగేస్సర్రావుదో, అది తేలేలోపు ఒక గంట తగాదా. మూడోది కొత్త సినిమా, అది పడేసరికి తెల్లవారుజాము. అప్పటికి చాపల మీద జనమంతా గురకలు పెడుతుండేవారు. అలాగని కుర్రాడు డెక్కు కట్టేయబోయాడో, అందరూ ఒక్కసారే లేచి కూర్చునేవారు. మూడు సినిమాలకు డబ్బులిచ్చాం, నిద్రపోతూ అయినా మూడూ చూస్తాం అని. మధ్యమధ్య బొమ్మ వణికితే ఆ కుర్రాడు మూత తీసి, కాగితం ముక్కతో హెడ్డు తుడిచేవాడు. అప్పుడు వాడికి మేమిచ్చిన మర్యాద ఆ ఇంటి కొత్తల్లుడికి కూడా దక్కలేదు.

2007లో మోజర్ బేర్ వాళ్లు వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మకానికి పెట్టాక మా బోటివాళ్లకు ధైర్యం వచ్చింది. అంత డబ్బుకి సినిమా సొంతమవుతుందంటే, అదీ అసలు సరుకు, హాల్లో దొంగచాటుగా తీసిన దాంట్లోలాగా మధ్యలో ఎవరో తలకాయ అడ్డంగా నడిచి వెళ్లే బాధ లేకుండా, ఎవరాగుతారు? బెజవాడ బీసెంటు రోడ్డుకి మందుల కోసం వెళ్లినా, చీరల కోసం వెళ్లినా, నా చేతిసంచీలో అడుగున నాలుగు డిస్కులు తిరిగొచ్చేవి. మా ఆవిడ మందులు పైన చూసేది, డిస్కులు అడుగున చూసేది, మాట్లాడేది కాదు. మాట్లాడితే బాగుండేది.

అలమరలో సర్దడం దగ్గర వచ్చింది చిక్కు. కృష్ణా జిల్లాలో సినిమా అంటే బయటివాళ్ల సంగతి కాదు, బంధువుల సంగతి. నందమూరి నిమ్మకూరు, అక్కినేని రామాపురం, ఘంటసాల పుట్టిన చౌటపల్లి, అన్నీ గుడివాడ చుట్టూ తిరిగినవే. కాబట్టి ఎన్టీఆర్‌కి ఒక అర, ఏఎన్నార్‌కి ఒక అర కేటాయించాను. మరి గుండమ్మ కథ ఎక్కడ పెట్టాలి? 1962లో వచ్చిన ఆ సినిమా ఎన్టీఆర్‌కి నూరోది, ఏఎన్నార్‌కి 99వది. నూరు పెద్దదా, ఇంకొకటి తీస్తే ఆయనదీ నూరే కదా అని మా ఇంట్లో పెద్దలు అన్నం మానేసేంత వరకు వచ్చింది. మిస్సమ్మ, మాయాబజార్, శ్రీకృష్ణార్జున యుద్ధం, చాణక్య చంద్రగుప్త, ఇవన్నీ ఉమ్మడి ఆస్తులే. చివరికి మూడో అర ఖాళీ చేయించి అక్కడ పెట్టాను. అందులోంచి మా ఆవిడ పోపుడబ్బాలు తీయాల్సి వచ్చింది. 1977 నవంబరులో ఉప్పెన దివిసీమని ఊడ్చేసినప్పుడు ఈ ఇద్దరూ కలిసే జోలె పట్టి మాకోసం వీధుల్లో తిరిగారు. అరలో పక్కపక్కన ఉండటానికి వాళ్లకేం అభ్యంతరం ఉంటుంది? గొడవంతా మాదే.

డిస్కుకి ప్రాణశత్రువు గీత అనుకుంటారు. మా ఊళ్లో మాత్రం గాలి. సముద్రం మీంచి వచ్చే ఉప్పు గాలికి గేటు గొళ్లేలే పొడైపోతాయి, డిస్కు లోపల ఉండే అల్యూమినియం పొర ఎంత? దాని మీద లక్క పూత ఉంటుంది. అది అంచున ఎక్కడన్నా విచ్చుకుందంటే లోపలి వెండి మెరుపు నల్లబడి, పొక్కులొచ్చి, ఎండకి పెట్టి చూస్తే జల్లెడ. నేను తుడిచే పద్ధతి కూడా నేర్చుకున్నాను. చాలామంది గుండ్రంగా రుద్దుతారు, అది తప్పు. సమాచారం చుట్టూతా రాసి ఉంటుంది, దాని వెంబడే గీత పడితే ప్లేయరుకి పూడ్చుకోవడం చేతకాదు. నడుమ నుంచి అంచుకి తిన్నగా తుడవాలి. అడ్డంగా పడిన చిన్న గీతని ప్లేయరు ఎలాగో లెక్కగట్టి సర్దుకుంటుంది. ఈ శాస్త్రమంతా వచ్చినవాళ్లందరికీ చెప్పేవాణ్ణి. వాళ్లు శ్రద్ధగా విని, డిస్కు లుంగీ అంచుతో గుండ్రంగా రుద్ది పట్టుకెళ్లేవారు.

ఇక చచ్చిపోయిన డిస్కులు. అవి మా ఆవిడ వాటా. జామచెట్టుకి దారాలు కట్టి వేలాడదీసింది, చిలకలు బెదురుతాయని. మొదటి రోజు బెదిరాయి. వారం తిరక్కుండా వచ్చి, కొమ్మ మీద కూర్చుని, అందులో ముఖం చూసుకుంటూ జామకాయ తినడం మొదలెట్టాయి. ఊళ్లో మిగతా చోట్ల డిస్కుల పునర్జన్మ ఇంకాస్త గౌరవంగానే జరిగింది. ట్రాక్టరు ట్రక్కు వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఊడిన చోట, సైకిలు మడ్‌గార్డు మీద, వినాయక చవితి పందిట్లో మెరుస్తూ చాలామంది హీరోలు కనిపించారు.

అసలు డిస్కు ఉన్నది చూడటానికా, ఇవ్వడానికా అని నాకు చాలాసార్లు అనుమానం వచ్చింది. ఒక నోటుపుస్తకం పెట్టాను. పేరు, సినిమా, తేదీ, తిరిగొచ్చిన తేదీ. ఆ చివరి గడి పుస్తకం పొడుగునా తెల్లగానే ఉంటుంది, చూడటానికి ప్రశాంతంగా. అయినా ఆ పుస్తకం చూసుకుంటే నాకు పొలం దస్తావేజు చూసుకున్నంత భరోసా. ఊళ్లో ఎవరింట్లో ఏ సినిమా ఉందో నాకు తెలుసు. ఎందుకంటే అదంతా నాది. 1998లో అమెరికాలో నెట్‌ఫ్లిక్స్ వాళ్లు పోస్టులో డిస్కులు పంపే వ్యాపారం పెట్టి, 2023 సెప్టెంబరు 29న ఆపేశారు. ఆపేటప్పుడు, చివరగా పంపినవి తిరిగి ఇవ్వక్కర్లేదు, ఉంచేసుకోండి అన్నారట. పేపర్లో అదేదో గొప్పగా రాశారు. ఆ పథకం మా కోడూర్లో మొదటి నుంచీ ఉంది.

ఇచ్చినవి తిరిగి రాకపోవడం మంచిదేనని కూడా ఒక్కోసారి అనిపిస్తుంది. మన బందరు బిడ్డ రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ కలిసి 1921లో భీష్మ ప్రతిజ్ఞ తీశారు, అది ఇవాళ లేదు. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1932లో వచ్చింది, అదీ లేదు. అన్ని ప్రింట్లూ బుద్ధిగా తిరిగిచ్చేయబట్టే పోయాయని నా వాదన. ఏ దివిసీమ మనిషన్నా ఒకటి పట్టుకెళ్లి ఉంటే అటక మీద పదిలంగా దొరికేది.

స్ట్రీమింగు మా ఊరికి కాస్త నెమ్మదిగా నడిచి వచ్చింది. 2017 చివర్లో రాష్ట్రంలో ఫైబర్ గ్రిడ్డు మొదలై, 149 రూపాయలకు నెట్టూ టీవీ ఫోనూ అన్నప్పుడు, మూడింట్లో ఏది ముందు పనిచేస్తుందో చూద్దామని ఊరంతా పందేలు కట్టింది. 2020 ఉగాదికి ఆహా వచ్చింది, అదే వారం లాక్‌డౌన్ కూడా వచ్చింది. హాళ్లు మూతపడి, నాని సినిమా వీ సెప్టెంబరులో తిన్నగా ఇంట్లోకే వచ్చేసరికి మా ఆవిడ నా అలమర వైపు అదోలా చూసింది. హైదరాబాదులో ఉన్న మా మేనల్లుడు వచ్చి, కొత్త టీవీ బిగించి, యాప్‌లన్నీ పెట్టి, "మావయ్యా, ఇంక నువ్వు డిస్కు తుడవక్కర్లేదు. ప్రపంచంలో సినిమాలన్నీ ఇందులోనే" అన్నాడు.

ప్రపంచంలోవన్నీ ఉన్నాయి, నాక్కావలసింది తప్ప. పేరు తెలుగులో చెబితే దానికి తెలియదు. ఇంగ్లీషు అక్షరాల్లో కొడదామంటే మన దీర్ఘాలకు వాళ్లు ఏ స్పెల్లింగు పెట్టారో మనకు తెలియదు. ఈ లోపల "మీ కోసం" అంటూ కొరియా సీరియళ్లు వరసపెట్టి చూపించింది. అవి నా కోసం కాదు, మా ఆవిడ కోసం. తెలుగు మాటలతో అవి చూసీ చూసీ ఆవిడకి సియోల్‌లో వియ్యంకులు ఏర్పడ్డారు. అన్నం తినే ముందు ఏం చూద్దామని వెతకడం మొదలుపెట్టి, తిని, చెయ్యి కడుక్కుని, తాంబూలం వేసుకునే దాకా వెతుకుతూనే ఉంటాం. పూర్వం మూడో సినిమాకి నిద్రపోయేవాళ్లం. ఇప్పుడు సినిమా లేకుండానే నిద్రపోతున్నాం.

దొరికిన సినిమా వచ్చే నెల ఉంటుందని నమ్మకం లేదు. హక్కులు కొన్నేళ్లకని కొంటారు, గడువు తీరితే తీసేస్తారు. డబ్బు కట్టి "కొన్నది" కూడా నిజానికి చూడనివ్వడానికి అనుమతేనట. కాలిఫోర్నియాలో అయితే 2025 జనవరి నుంచి ఆ సంగతి కొనేవాళ్లకు స్పష్టంగా చెప్పి తీరాలని చట్టమే వచ్చింది. అలాగని డిస్కు పెట్టే కంపెనీలూ కలకాలం ఉండలేదు. ఆ 28 రూపాయల మోజర్ బేర్ 2018లో దివాలా తీసి లిక్విడేషనుకి పోయింది. కంపెనీ పోయినా సినిమా నా అరలో ఉంది, అదీ తేడా.

నాకు మరీ మింగుడుపడనిది అరువు. యాప్‌లో సినిమా బాగుంటే పక్కింటాయనకి ఏమిస్తాను? పాస్‌వర్డు ఇచ్చాననుకోండి, మరుక్షణం తెర మీద నోటీసు, మీరు ఒకే ఇంటివాళ్లు కారని. మేనల్లుడు కట్టిన చందా మీద మేం చూస్తుంటే, ఎక్కడో సముద్రాల అవతల కూర్చున్న కంపెనీ మేనమామ ఇంటివాడు కాదని తేల్చేసింది. పిల్లాడికి మొలతాడు కట్టింది ఎవరనుకున్నారో!

మొన్న వీధి చివర రొయ్యల చెరువులాయన ఫోన్ చేశాడు. "మాస్టారూ, లవకుశ డిస్కు మీ దగ్గరుందా? నెట్టు పోయింది, అమ్మ చూస్తానంటోంది. ఫోన్లో పెడతానంటే అంత చిన్న సీతమ్మని చూడనంటోంది."

"ఉందయ్యా. మూడూ ఉన్నాయి" అన్నాను, కాస్త గర్వంగానే.

"అయితే ప్లేయరు కూడా ఇద్దురూ. మాది పాత సామాన్లవాడికి వేసేశాం."

సరే అన్నాను. పావుగంటకి మళ్లీ ఫోను. "మా కొత్త టీవీకి ఆ ఎర్ర, తెల్ల, పసుప్పచ్చ పిన్నులు పెట్టే చోటే లేదండీ. మీ పాత టీవీ ఉందిగా, దానికుంటుందేమో?"

"ఉంది. పట్టుకెళ్లు."

"ట్రాలీ ఆటో పంపిస్తున్నా. ఇంకోమాట మాస్టారూ, ఇవన్నీ కలిపి ఆడించడం మావాళ్లెవరికీ చేతకాదు. మీరు కూడా ఆటోలో వచ్చేయండి. రాత్రికి భోజనం ఇక్కడే."

చొక్కా వేసుకుంటుంటే మా ఆవిడ నోటుపుస్తకం, పెన్ను తెచ్చి చేతిలో పెట్టింది. "ఏవండీ, రాసి మరీ వెళ్లండి."

"ఏమని రాయను?"

"డిస్కులు మూడు, ప్లేయరు ఒకటి, టీవీ ఒకటి, మాస్టారు ఒకరు."