అరిగిన మోకాలికి ఆకు బొమ్మ

మా రోజుల్లో మోకాలి నూనె గొప్పలు పోయేది కాదు. వంటింట్లో ఆముదం, గానుగ నువ్వుల నూనె, దేవుడి గూట్లో కర్పూరం, చేని గట్టున వావిలి చెట్టు. అదే మా మందుల అంగడి. జిల్లేడాకుకు ఆముదం రాసి, పెనం మీద వెచ్చజేసి తాత మోకాలికి కట్టేది మా అవ్వ. "రేత్తిరికి నిద్ర పడతాదిలే" అనేదే గానీ, అరిగిన కీలు మళ్లా మొలుస్తాదని ఏ పొద్దూ అన్లేదు.

విరిగినోడికి పుత్తూరు ఉండనే ఉంది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, గుడ్డ. పుత్తూరు కట్టు కోసం మద్రాసు నుంచీ జనం దిగేవాళ్లు. అరిగినోడు మాత్రం ఇంటికాడే కాపడం పెట్టుకోని, పొద్దున్నే లేచి చేనికి పోయేవాడు.

ఇప్పుడో? అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కే పిల్లకాయలు మోకాళ్ల పర్వతం కాడికి చేరేసరికి కాలికి పట్టీ, చేతిలో స్ప్రే డబ్బా. మెట్లెక్కని నాకేమో బెంగుళూరు మనవడు వేలెడంత సీసా పంపినాడు. దాని మీద పచ్చగా గంజాయి ఆకు బొమ్మ. "తాతా, ఇది పూస్తే నొప్పి ఎగిరిపోతాది" అని ఫోన్లో ఒకటే ఊదర. ఆ బొమ్మతో కొండకు పోయుంటే అలిపిరి తనిఖీకాడ నా మోకాలి కథంతా చెప్పుకోవాల్సి వచ్చేది.

భూతద్దం పెట్టి వెనక చిన్నక్షరాలు చదివినా. అది గంజాయి గింజల నూనె! నొప్పికి పనికొస్తాదని చెప్పుకునే కన్నాబిడియాల్ గింజలో ఉండదనే చెప్పాల. అది ఉండేది ఆకులో, పూతలో. గింజల నూనెను 2021లో ప్రభుత్వం తిండి సరుకుల్లో చేర్చింది. 1985 చట్టం పూతనూ బంకనూ కట్టడి చేసి, పూత లేని ఆకునూ గింజనూ వదిలింది. ఆ ఆకును ఆయుర్వేదులు విజయ అంటారు. దాంతో కాచిన తైలం వేరు, ఈ సీసా వేరు. ఈ కాలపోళ్లు ఫోన్లో లోకమంతా చదువుతారు, సీసా వెనకవైపు తప్ప.

పైగా గంజాయి ఏదో అమెరికా కనిపెట్టినట్టు మాట్లాడతారు. 1893-94లో తెల్లదొరలు వేసిన విచారణ సంఘం మద్రాసు రాజధానిలో గంజాయి పండే చోట్లు రాసినప్పుడు, ఉత్తర ఆర్కాటు జిల్లా జవ్వాది కొండలు అందులో ఉన్నాయి. 1911లో మా జిల్లా విడిపోయేదాకా ఆ జిల్లాకు ముఖ్యపట్టణం మా చిత్తూరే. అంత దగ్గర్లో పండినా మా అవ్వ చెయ్యి మాత్రం ఆముదం బుడ్డి దాటి పోలేదు.

సరే, అసలు విజయ తైలమే తెచ్చినారనుకుందాం. 2016లో అమెరికాలో ఎలుకలకు కన్నాబిడియాల్ జెల్ పూస్తే మోకాళ్ల వాపు తగ్గింది. ఎలుకలకు సంతోషం. డెన్మార్కులో చేతివేళ్ల కీళ్లు నొచ్చే 136 మందికి అదే సరుకు మాత్రలుగా ఇచ్చి చూస్తే, ఉత్తుత్తి మాత్ర మింగినోళ్లకూ వీళ్లకూ తేడా తేల్లేదు. పూత వేరు, మాత్ర వేరు అంటారా? అనండి. అయితే మనుషుల మోకాళ్ల మీద గట్టిగా తేల్చి చూపించినాకే నా చేత డబ్బు పెట్టించండి.

పైపూతే కావాలంటే డైక్లోఫెనాక్ జెల్ ఉండాది. అరిగిన మోకాలికి పనిచేస్తాదని తేలిన పూత, వీధి చివర మందుల షాపులో దొరుకుతాది. దాంతోపాటు తొడ కండరాలకు కసరత్తు చెయ్యమనీ, ఒళ్లు తగ్గమనీ ఎముకల డాక్టర్లు మొత్తుకుంటారు. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కదు. కసరత్తును సీసాలో పోసి, బొమ్మ అంటించి అమ్మరు గదా!

మనవడా, ఈసారి ప్రేమ పొంగితే ఆ డబ్బుతో గానుగ నువ్వుల నూనె పంపు. మోకాలికి రాయంగా మిగిలింది మీ అవ్వ దోసెలకు వాడుకుంటాది.