‘పుస్తకమే నయం’: టీకా తాత్పర్య సహితం

మూలం:
“అబ్బే! పుస్తకమే నయం.”

అవతారిక: ఒకానొక ఆదివారం రాత్రి, సోఫాలో బాసింపట్టు వేసుకుని, ఒళ్లో మరమరాల గిన్నెతో రెండు గంటల ఆరు నిమిషాలు ‘పి.ఎస్. ఐ లవ్ యూ’ సినిమా చూసిన మా అక్క, చివర పేర్లు పడుతుండగా సాయించిన వాక్యమిది. సినిమాకు మూలమైన నవల రాసింది ఐర్లండ్ రచయిత్రి సిసీలియా అహెర్న్. నవల 2004 నాటిది. 2007లో రిచర్డ్ లాగ్రావెనీజ్ తెరకెక్కించాడు. కథ: మెదడులో కణితితో పోయిన జెరీ, భార్య హోలీ కోసం ముందే ఉత్తరాలు రాసిపెట్టి ఉంటాడు. నవలలో నెలకొక కవరు విప్పాలి.

ప్రతిపదార్థం:
అబ్బే = అవ్యయం. ఏడవడానికి సిద్ధపడి కూర్చున్నవారికి ఏడుపు రాకపోతే వెలువడే ధ్వని. పక్కనే మడత విప్పని చేతిరుమాలు ఇందుకు ప్రమాణం.
పుస్తకము = అట్ట ఊడితే అక్క టేపు అంటించి దాచుకున్న ప్రతి.
ఏ = అవధారణార్థకం. హిలరీ స్వాంక్ నటన, న్యూయార్కు వీధులు, పాటలు అన్నీ ఈ ఒక్క అక్షరంతో కొట్టుకుపోయాయి.
నయం = మేలు; జబ్బు కుదరడం అని కూడా. శ్లేష.

తాత్పర్యం: నవల తెరిచేసరికే జెరీ లేడు. అతని నీలిరంగు నూలు స్వెట్టరును మొహానికి అదుముకుని హోలీ వాసన చూస్తుంటుంది. వాసనను తెర మీద చూపలేరు, ఒప్పుకుందాం. కానీ సినిమా మొగుడూపెళ్లాల పోట్లాటతో మొదలవుతుంది. అతను పోయాడని చెప్పాక కూడా, జెరీ వేషంలోని జెరార్డ్ బట్లర్ గతంగానో భ్రమగానో మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటాడు, పాట కూడా పాడతాడు. మనిషి కళ్లెదుటే తిరుగుతుంటే లేడని ఎలా ఏడుస్తాం?

విశేషాలు: తిరిగి కలుస్తామన్న ఆశ ఉంటే విప్రలంభ శృంగారం, ఆశ తెగితే కరుణం అన్నారు ఆలంకారికులు. నవలది కరుణం. సినిమా టికెట్టు కరుణానికి కొని విప్రలంభంలో దిగిపోయింది. చనిపోయిన భార్య ఇందుమతి కోసం అజుడు విలపిస్తున్నప్పుడు కాళిదాసు ఆమెను లేపి పాడించలేదు కదా!

స్థానభ్రంశం: నవలలోని డబ్లిన్ కాపురం తెర మీద న్యూయార్కుకు మారింది, ఐర్లండ్ విహారయాత్ర అయింది. అమ్మానాన్నలు, తోబుట్టువులతో కిటకిటలాడే ఇంట్లోంచి తండ్రి ఎప్పుడో వెళ్లిపోయినట్టు మార్చారు.

ఔచిత్యం: నవలలో మొదటి కవరు చెప్పే పని, మంచం పక్కకు ఒక దీపం కొనుక్కోమని. రాత్రి లేచి లైటు ఎవరు ఆర్పాలన్నది వాళ్ల నిత్య తగువు. ఆర్పి వస్తూ చీకట్లో కాలు మంచానికి కొట్టుకోవడం మామూలు. ఇక వంతు ఎప్పటికీ ఆమెదే. ఈ నవల దుఃఖమంతా స్విచ్చికీ మంచానికీ మధ్య ఉన్న ఆ నాలుగడుగుల చీకట్లో ఉంది.

పూర్వపక్షం: “సినిమా వేరు, పుస్తకం వేరు. పోలిక ఎందుకు?” అని మా బావగారు.

సిద్ధాంతం: మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మన మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. కాళిదాసుకు ఆయన రాసిన వ్యాఖ్య పేరు సంజీవని. అది కావ్యాన్ని బతికించింది. ఈ సినిమా కావ్యాన్ని వదిలేసి భర్తను బతికించింది.

ఫలశ్రుతి: టీవీ కట్టేశాక, హాల్లో లైటు ఎవరు ఆర్పాలని అక్కకూ బావగారికీ రోజూ వాదనే. ఆ రాత్రి మాత్రం ఇద్దరూ ఒకేసారి లేచారు.