ముందు చెప్పి చంపరా నాయనా

సంక్రాంతికి బెంగళూరు నుంచి రాజోలు వచ్చిన మా మేనల్లుడు భోగి నాటి మధ్యాహ్నం మమ్మల్నందర్నీ చంపేశాడు. అరుగు మీద చాప పరిచి, పూతరేకుల డబ్బా అట్ట ఒకటి అడ్డం పెట్టుకుని, దాని వెనకాల ఇరవై ముఖాల పాచిక గలగలలాడించి, ‘గుహలోకి అడుగుపెట్టారు. అయిపోయారు’ అన్నాడు. ఏం చూశాం? ఏమీ లేదు. ఏం విన్నాం? అదీ లేదు. ‘ఆ రాక్షసికి రూపం లేదు, చప్పుడు లేదు, తగిలితే ప్రాణం ఉండదు’ అని మహా గర్వంగా చెప్పాడు. ముందు పోయింది వాళ్ల నాన్నే, అంటే మా బావ. పండగ పనులన్నీ మానుకుని గంటన్నర కూర్చుని తన వీరుడికి పేరు, కత్తి, గుర్రం, ఆ గుర్రానికి గడ్డీ కూడా కాయితం మీద రాసుకున్నాడాయన. మూడు నిమిషాలు బతికాడు.

‘ఇదేం ఆటరా?’ అంటే ‘రియలిజం మావయ్యా. లోకం న్యాయంగా ఉంటుందా?’ అన్నాడు.

లోకం సంగతి కోనసీమలో ఉన్నవాడికి బెంగళూరు నుంచి వచ్చి చెప్పాలి మరి! ఆయ్.

వీడిది సొంత పైత్యం అనుకుంటే పొరపాటు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికావాళ్లు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అని, వీరులమని ఊహించుకుని పాచికలతో ఆడే ఈ ఆటని అచ్చు వేసినప్పుడే ఈ తెగులు మొదలైంది. విషం తగిలిందా, ఒక్కసారి పాచిక వెయ్యి, పడలేదా, పాడె కట్టు. మరుసటేడు గైగాక్స్ ఒక సమాధి కథ నడిపాడు. అందులో గోడకి పచ్చటి దెయ్యం మొహం, నోరు తెరుచుకుని ఉంటుంది. లోపల ఏముందో చూద్దామని దూరినవాడు మసి కూడా మిగలకుండా పోతాడు. ఆటగాళ్లు తెలివి మీరి, తలుపు తీసేముందు చెవి ఆనించి వినడం నేర్చుకున్నారు. అప్పుడేం చేశాడు? తలుపు చెక్కలో కాపరం ఉండి, విన్నవాడి చెవిలోకి దూరి గుడ్లు పెట్టే పురుగుని పుట్టించాడు. 1977 రాక్షసుల పుస్తకంలో దానికి చోటు కూడా ఇచ్చాడు. జాగ్రత్తగా ఉన్నందుకు శిక్ష అన్నమాట. హెల్మెట్ పెట్టుకున్నావని చలానా రాసినట్టు.

ప్రాణాంతకమైనది ఉండకూడదని నా వాదన కాదు. ఉండాలి. మా తోటలో నాగుపాము ఉంది. పడగ విప్పుతుంది, బుస కొడుతుంది, ‘ఇటు రాకురా’ అని తన భాషలో చెబుతుంది. రక్తపింజరైతే కుక్కర్ ఈల దాకా వెళ్తుంది. కట్లపాము అలా కాదు. రాత్రి నేల మీద పడుకున్నవాడి పక్కలోకి చేరి, చాలాసార్లు నొప్పయినా తెలియనివ్వకుండా కాటేసి పోతుంది. మూడూ చంపేవే. కానీ మావాళ్లు నాగుపాముకి చవితి చేసి పుట్టలో పాలు పోస్తారు. కట్లపాముకి పండగ చేసినవాణ్ని నేనింతవరకూ చూళ్లేదు.

గోదారి సంగతి చూడండి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో బళ్లోకి వెళ్లే పిల్లాడికి కూడా ఈ అంకెలు ఎక్కాల్లా వచ్చు. రెండోది అన్నారంటే గేదెల్ని గట్టెక్కిస్తారు, మూడోదంటే మంచాలు, మనుషులూ ఎక్కుతారు. ఇంత చెప్పీ ముంచుతుంది. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లు ఇప్పటికీ ఆ యేడు పేరెత్తితే గొంతు తగ్గిస్తారు. ముందు చెప్పినందువల్ల గోదారి జోరు అంగుళం తగ్గిందా?

అసలు మావాడు బెంగళూరులో వెతుక్కున్నది రాజోలుకి దగ్గర్లోనే ఉంది. అంతర్వేది స్థలపురాణంలో రక్తవిలోచనుడని ఒక రాక్షసుడు. హిరణ్యాక్షుడి కొడుకు. వాడి ఒంట్లోంచి కారిన నెత్తురుకి ఎన్ని ఇసుక రేణువులు తడిస్తే అంతమంది రక్తవిలోచనులు పుట్టేట్టు శివుడి దగ్గర వరం పుచ్చుకున్నాడు. ఆ వరం పుచ్చుకున్నవాడు యుద్ధం పెట్టుకున్నది ఎక్కడ? సముద్రపు ఒడ్డున, ఇసకలో! ఇంతకంటే పకడ్బందీ రాక్షసుణ్ని ఏ అమెరికావాడు తయారుచేశాడు? కొట్టిన కొద్దీ పెరుగుతాడు. అయినా అన్యాయం లేదు, ఎందుకంటే వరంలోనే విరుగుడుంది: నెత్తురు నేల తాకకూడదు. నరసింహస్వామి మాయాశక్తిని పిలిచి నేలంతా నాలుక పరిపించాడు. ఆ నెత్తురే రక్తకుల్య అనే నది అయిందంటారు. మన పురాణాల్లో వరమంటే బహిరంగ ప్రకటన. మన రాక్షసుల్లో చాలామంది షరతులు పైకి చదివించుకునే యుద్ధానికొచ్చారు. అట్ట వెనకాల దాచుకున్నవాళ్లు తక్కువ.

ఇదంతా గట్టిగా దులిపేసరికి పండగనాటికి మావాడు రెండో రోగంలో పడ్డాడు. ‘పుస్తకంలో లెక్కుంది మావయ్యా, న్యాయంగానే పెడతాను’ అన్నాడు. ఆ ఆట 2014 పుస్తకం ప్రకారం ఐదో స్థాయి రాక్షసుణ్ని, బాగా నిద్రపోయి లేచిన నలుగురు ఐదో స్థాయి వీరులు ఎవరూ చావకుండా గెలవాలిట. పులిహోర, బొబ్బట్లు తిని పడుకుని లేచాం కనక నిద్రకి లోటు లేదు. అయినా రాక్షసుడు మా బావ మీద గద ఎత్తేసరికి, అట్ట వెనకాల మావాడి వేలు పాచికని మెల్లిగా పక్కకి దొర్లించడం నేను చూశాను. బావా చూశాడు. ‘కొడుకు జాలిపడితే బతకడం కూడా ఒక బతుకేనా?’ అని కాయితం మడిచేశాడు. న్యాయమంటే ఎవరూ చావకపోవడం అనుకునేవాళ్లూ, రియలిజమంటే ఎందుకు చచ్చామో తెలియకపోవడం అనుకునేవాళ్లూ వేరువేరు మనుషులు కారు. ఇద్దరి చేతిలోనూ ఉండేది అదే పూతరేకుల అట్ట.

కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసొచ్చాక అట్ట తీయించేశాం. పాచిక అందరి ముందూ పడాలి, వరం పైకి చదవాలి. మావాడు రక్తవిలోచనుణ్ని దింపి, వరం రెండుసార్లు చదివాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు మా బావ, ముప్పై ఏళ్లుగా ధాన్యం ఆరబోస్తున్న మనిషి, ‘మా వీరుల దగ్గర బరకాలుంటాయా?’ అన్నాడు.

‘మూడున్నాయి’ అన్నాడు కొడుకు, పాచిక వేసి.

మూడూ పరిచాం. రాక్షసుడు ఈశాన్యం మూలకి జరిగాడు. బరకం అంచు దాటి చారెడు ఇసక తడిసింది. ఆ చారెడులో ఎన్ని రేణువులుంటాయో లెక్కపెట్టేలోపే అందరం పోయాం.

ఎవరూ గొడవ పడలేదు. పడుకోబోయే ముందు చీకట్లోంచి బావ గొంతు వినిపించింది: ‘పక్కింటాయన్నడిగితే నాలుగోది ఇచ్చేవాడు.’